పాలు చూసే జ్ఞానప్రసూనగారు

జ్ఞానప్రసూనగారిని మేము వెనకాల 'పాలావిడ' అనేవాళ్ళం. మేము అంటే కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా వీధిలో ఉండే నాలుగైదు తెలుగు కుటుంబాల ఆడవాళ్ళం. అందులో అందరికంటే ఎక్కువ నవ్వినదాన్ని నేనే. ఒకసారి తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరో "మీరేం జాబ్ చేసేవారు ఆంటీ?" అని అడిగితే, ఆవిడ గోంగూర పచ్చడి వేసుకుంటూ "పాలు చూసేదాన్నమ్మా" అన్నారు. అంతే, మాకు అది చాలు. డైరీలో పాలు కొలిచేవారేమో అని ఒకరు, డబ్బాల మీద డేట్లు చూసేవారేమో అని ఇంకొకరు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఇంతదూరం వచ్చింది పాలు చూడ్డానికా అని నేను. ఆవిడనే అడిగి తెలుసుకుందామని ఒక్కరికీ తోచలేదు.

ఆవిడ చూసింది నిజంగానే పాలు. 1972లో భర్త పద్మనాభంగారి వెంట అమెరికా వచ్చారు. మొదట ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో గాజు సామాను కడిగే పనికి కుదిరి, నాలుగేళ్ళకి పాల బల్ల దగ్గరికి చేరారు. ప్రతివారం డైరీల నుంచి పాలు వచ్చేవి. వాటిని ఒక గిన్నెలో పోసి, జానెడు మందం సీసపు గోడలున్న పెట్టెలో పెట్టి మూత వేస్తే, లోపలి మిషన్ ఆ పాలల్లో రేడియేషన్ ఏమన్నా ఉందా అని గంటల తరబడి లెక్కపెట్టేది. ఏం తేలిందో ఆవిడ పుస్తకంలో రాయాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు, దాదాపు ప్రతిసారీ ఒకటే మాట. ఏమీ లేదు.

"ఏమీ లేదని రాసి జీతం తీసుకున్న మనిషిని నేనొక్కదాన్నేనమ్మా" అని తర్వాత్తర్వాత ఆవిడే నవ్వేవారు. అది ఎంత పెద్ద పనో నాకు 2011లో గాని తెలిసిరాలేదు.

అప్పుడు మా అనికకి పధ్నాలుగు నెలలు. నా పాలు మాన్పించి నెల దాటింది. దానికి లోకమంతా పాలు, పెరుగన్నం. ఇంకేం పెట్టినా నాలుకతో బయటికి తోసేసేది. వచ్చిన మాట కూడా ఒక్కటే, "పా". పాలు కావాలన్నా "పా", పెరుగు కావాలన్నా "పా".

జపాన్‌లో భూకంపం వచ్చి, సముద్రం పొంగి, అక్కడి అణు విద్యుత్ కేంద్రం దెబ్బతిన్నప్పటి నుంచి మా ఇంట్లో టీవీ ఆగలేదు. గాలి ఇటే వస్తోందన్నారు. నెలాఖరుకి మా కాలిఫోర్నియాలోనే ఒకచోట పాలల్లో రేడియోధార్మిక అయోడిన్ జాడ దొరికిందన్నారు. చాలా కొంచెం, భయం లేదు అని కూడా అన్నారు గాని, ఆ రెండో ముక్క నా చెవికెక్కలేదు. వానతో గడ్డి మీద పడుతుంది, గడ్డి ఆవు తింటుంది, ఆ పాలు పిల్ల తాగుతుంది, పిల్ల గొంతులోని థైరాయిడ్ గ్రంథి దాన్ని పట్టుకుంటుంది. ఇంటర్నెట్‌లో ఇంతవరకు చదివి లాప్‌టాప్ మూసేశాను. ఫ్రిజ్‌లో ఉన్న గ్యాలన్ పాలు సింకులో పారబోశాను. పెరుగూ పారబోశాను. ఆరేళ్ళుగా ఒకదాన్నించి ఒకటి తోడేస్తూ వచ్చిన పెరుగు అది. తోడుకి చెంచాడైనా ఉంచుకోవాలన్న ఇంగితం కూడా లేకపోయింది.

మా ఆయన గోపీనాథ్ తన వంతు తను చేశాడు. ఫుకుషిమాకీ మా ఇంటికీ ఎన్ని మైళ్ళో ఎక్సెల్ షీట్ వేశాడు. రేడియేషన్ అయోడిన్ గ్రంథిలో చేరకుండా ముందే వేసే మామూలు అయోడిన్ మాత్రలు మందుల షాపుల్లో అయిపోతే ఆన్‌లైన్‌లో ఎక్కడో పట్టి తెప్పించాడు. పిల్లకి వేద్దామా, వద్దా అని ఇద్దరం ఆ డబ్బా చుట్టూ ప్రదక్షిణలు చేశాం.

పాలు మానేసిన వారానికి అనిక చిక్కిపోయింది. గంజి పడితే ఉమ్మేది, అరటిపండు నలిపి పెడితే మొహం తిప్పుకునేది. ఖాళీ కప్పు పట్టుకుని నా వెనకాలే తిరుగుతూ "పా, పా" అని ఏడ్చేది. డాక్టరమ్మ బరువు చూసి, ముప్పావు పౌను తగ్గింది, ఇవాళే మళ్ళీ పాలు మొదలుపెట్టండి అంది. సరేనని తలూపి వచ్చాను. ఇవ్వలేదు. నా చేతులతో నేనే దానికి విషం పోస్తానేమో అన్న భయం ముందు డాక్టరు మాట ఆగలేదు.

అప్పుడు దారి చూపింది మా వీధిలోనే ఉండే మృదుల. గంట దూరంలో కొండల్లో ఎవరో నాలుగు ఆవుల్ని పెట్టుకున్నారట. "షాపులో పాలు ఎక్కడివో ఎవరికి తెల్సు? ఇవైతే మన కళ్ళముందు పిండిస్తరు, ప్యూర్" అంది. శనివారం పొద్దున్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. ముందురోజు దాకా పడిన వానకి కొండలన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి, ఆవులు ఆ తడిగడ్డిలో మేస్తున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు గాజు జాడీల నిండా గోరువెచ్చటి పాలు తెచ్చాను.

తెచ్చి, మన పద్ధతి మనకుంది కదా, కొన్ని కాచాను. ఒక పొంగు కాదు, మూడు పొంగులు. ఏమన్నా ఉంటే చచ్చి ఊరుకుంటుందని సిమ్‌లో పెట్టి సగానికి ఇగరబెట్టాను. చిక్కటి పాలు ఒక కప్పులో పోసి, చన్నీళ్ళ గిన్నెలో చల్లారబెడుతుండగా బెల్ మోగింది.

జ్ఞానప్రసూనగారు. చేతిలో సంచీ. నిన్న మెయిల్‌బాక్స్ దగ్గర మా ఆయన కనిపిస్తే, పాప ఎందుకలా అయిపోయిందని అడిగారట. ఈయన మొత్తం చెప్పేశాడు. ఆవిడ చెప్పులు విప్పి తిన్నగా వంటింట్లోకి వచ్చి, జాడీలు చూసి ఆగిపోయారు.

"ఈ పాలెక్కడివమ్మా?"

గర్వంగా చెప్పాను. కొండలు, నాలుగు ఆవులు, పచ్చగడ్డి.

"వాన పడిందా అక్కడ?"

"పడింది ఆంటీ."

"ఆ గడ్డే మేస్తున్నాయా?"

"ఫ్రెష్ గడ్డి ఆంటీ. ఇంకేం పెట్టరట."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రాగిణీ, భయపడి పరిగెత్తావు, బానే ఉంది. ఎటు పరిగెత్తావో చూసుకోలేదు. షాపు పాలిచ్చే ఆవులు చాలామటుకు కొట్టంలో ఉండి నిరుటి గడ్డి తింటాయి. ఆ పాలు నీ దగ్గరికొచ్చేసరికి కొన్ని రోజులు గడుస్తాయి. వానలో తడిసిన గడ్డి మేసిన ఆవు, పొద్దున పిండి మధ్యాహ్నం తాగే పాలు. ఆ అయోడిన్ ఎక్కడన్నా కాస్త ఎక్కువుంటే ఇందులోనే ఉంటుంది."

నేను స్టవ్ మీది గిన్నె చూపించాను. "మూడు పొంగులు కాచాను ఆంటీ."

"కాస్తే పురుగు చస్తుంది. ఇది పురుగు కాదు. నీళ్ళు ఇగిరిపోతే మిగిలిన పాలల్లో ఇంకాస్త చిక్కబడుతుంది, అంతే."

ఆ మాట వినగానే కప్పు తీసి సింకు వైపు తిరిగాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"పారెయ్యకు. ఇందులో ఉన్నా భయపడేటంత ఉండదు. అయినా పచ్చిపాలు, ఎవరు పిండారో తెలియనివి, పసిదానికి వద్దు. జాడీలో ఉన్నవాటితో వెన్న తీసి నెయ్యి కాచుకో. ఈ అయోడిన్ ఎనిమిది రోజులకి సగం అయిపోతుంది. ఇంకో ఎనిమిదికి ఆ సగంలో సగం. ఎనభై రోజులు అలమార్లో పెట్టావంటే వెయ్యిలో ఒక వంతు మిగలదు. కొత్తావకాయ ఊరేదాకా ఆగగలిగినదానివి, దీనికి ఆగలేవూ?"

గోపీనాథ్ మాత్రల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ అట్ట మీది అక్షరాలు కళ్ళజోడు పైకెత్తి చదివారు. "ఇవి అధికారులు వేసుకోమన్నప్పుడు, పిల్ల వయసుకి తగిన మోతాదులో వెయ్యాలి. ఊరికే వేస్తే పసిదాని గ్రంథి మందగించే ప్రమాదం ఉంది. అసలు ఏ ఉప్పు వాడుతున్నారమ్మా ఇంట్లో?"

"సైంధవ లవణం ఆంటీ. హెల్త్‌కి మంచిదని ఏడాది నుంచి."

ఆవిడ నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. "దాన్లో అయోడిన్ కలపరు. పిల్లకి రోజూ కావలసిన అయోడిన్ దొరికేది పాలల్లో, మామూలు ఉప్పులో. ఒకటి పారబోశావు, రెండోది ఎప్పుడో మానేశావు. కడుపు నిండినవాడు వీధిలో అమ్మేవన్నీ కొనుక్కు తినడు. గొంతులో గ్రంథీ అంతే, ఆకలి మీదుంటే ఏది దొరికితే అది లాక్కుంటుంది. పదిరోజులకే ఏం కాదులే. కానీ నువ్వు కాపాడుతున్నాననుకుంటూ వెళ్ళిన దారి అది."

కాపాడుతున్నాననుకుంటూ. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆవిడ సంచీలోంచి ఒక్కొక్కటే తీశారు. పాలపొడి డబ్బా, దాని అడుగున జనవరి తేదీ. షాపు పాల కార్టన్. మూత పెట్టిన చిన్న గిన్నెలో పెరుగు. "ఇది తోడుకి. ఈ డబ్బాలోది జపాన్ సంగతికి ముందు తయారైన పొడి. నిజంగా ఉపద్రవం వస్తే ప్రభుత్వం చెప్పేదీ ఇదే. కొత్త పాలు ఆపి, ముందే చేసి పెట్టిన పొడి వాడమంటారు. ఇప్పుడా అవసరం లేదు, వాళ్ళకి దొరికిన జాడ ఆపాల్సిన హద్దులో కొన్నివేల వంతుల్లో ఒక వంతు. అందుకని ఈ కార్టన్ పాలు. ఏది పోసినా పాపకి మంచిదే. డబ్బా తెచ్చింది నీకోసం, దానికోసం కాదు."

"మీకైతే లెక్కలు తెలుసు ఆంటీ, అందుకని భయం ఉండదు" అన్నాను. కాస్త ఉక్రోషంగానే అన్నాను.

అనిక వచ్చి ఆవిడ మోకాలు పట్టుకుని నిలబడింది, చేతిలో ఖాళీ కప్పు. ఆవిడ దాని తల నిమురుతూ చెప్పారు.

"ఎనభై ఆరులో చెర్నోబిల్ అప్పుడు మా పద్మినికి ఏడాదిన్నర. మే నెలలో ఒకరోజు నా మిషన్ మీద అయోడిన్ కనబడింది. 'ఏమీ లేదు' అని రాయలేకపోయిన వారాలు అవే. చాలా కొంచెం. అది భయపడక్కర్లేనంత కొంచెమని రిపోర్టు రాసి సంతకం పెట్టింది నేనే. ఇంటికెళ్ళి పిల్లకి పాలు కలిపి కప్పు పట్టుకుంటే చెయ్యి వణికింది."

"మీకా?"

"నాకే. లెక్క తెలిస్తే భయం పోతుందనుకుంటాం. పోదమ్మా. భయం పక్కనే కూర్చునుంటుంది, మనం చెయ్యాల్సింది చేస్తాం. వణికే చేత్తోనే తాగించాను. ఇప్పుడది మెడిసిన్ చదువుతోంది. రోజూ ఫోన్ చేసి, బీపీ మాత్ర వేసుకున్నావా అని నన్ను గదమాయిస్తుంది."

నేను లేచి కార్టన్ విప్పాను. పాలు గోరువెచ్చగా చేసి, అనికని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కప్పు పట్టాను. వణికింది. కప్పు అంచు దాని పళ్ళకి టకటకా తగిలింది. అది రెండు చేతులతో నా చేతిని గట్టిగా పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా తాగేసింది. పెదవి మీద తెల్లటి చారతో నాకేసి చూసి "పా" అంది. మళ్ళీ పోశాను. రెండోసారి నా చెయ్యి అంత వణకలేదు.

ప్రసూనగారు పెన్ను అడిగి తీసుకున్నారు. మా ఫ్రిజ్ మీద ఇండియన్ స్టోర్ వాళ్ళిచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంది. ఆ శనివారం గడిలో, ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటుతో గుండ్రంగా రాశారు. ఏమీ లేదు.

ఆ పాలపొడి తర్వాత కోవా అయింది. నెయ్యి జూలైలో తీశాం. మాత్రలు అలాగే ఎక్స్‌పైర్ అయిపోయాయి. ఆ సాయంత్రం వేసిన తోడు ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. 'పాలావిడ' అన్న మాట మా వీధిలో మళ్ళీ ఎవరూ అనలేదు, నేను అననివ్వలేదు.

అనికకిప్పుడు పదిహేనేళ్ళు, నాకంటే రెండంగుళాలు పొడుగు. మొన్న తన బేబీ ఫోటోల మధ్య ఆ క్యాలెండర్ కాగితం చూసి, కూడబలుక్కుని చదివింది. "మమ్మీ, ఏమీ లేదు అంటే నథింగ్ కదా? నథింగ్ అని రాసిన పేపర్ ఎందుకు సేవ్ చేశావ్?"

"ఒకావిడ చూసి రాసింది కాబట్టి" అన్నాను. దానికి అర్థం కాలేదు. డెబ్భై ఏడేళ్ళ ప్రసూనగారికి ఫోన్ కలిపి దాని చేతికిచ్చి, నేను పాలు తోడెయ్యడానికి వెళ్ళాను.