మడ అడవిలో పొగబండి

నాకు అక్షరాలు నిరుడే వచ్చాయి. చిన్నతనమంతా ఎస్.ఆర్. నగర్ హాస్టల్ వంటింట్లో, వంటమనిషైన అమ్మ పక్కన ఉల్లిపాయలు ఒలవడంతోనే గడిచింది. అందుకే ఇది ఇంతకుముందు రాయలేకపోయాను. నిన్న మా వీధిలోకి దోమలకు పొగ కొట్టే పొగబండి వస్తే, ఆ డీజిల్ వాసనకు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఒకసారి, కంప్యూటర్ ఉద్యోగాలు వచ్చిన హాస్టల్ అన్నలు కొందరు సముద్రం పక్కనున్న మడ అడవుల పార్కుకు బయల్దేరారు. వండిపెట్టడానికి అమ్మను, ఆమెతో నన్నూ తీసుకెళ్ళారు. రాత్రి గుడారాల్లో పడుకున్నాం. తెల్లవారగానే అన్నలు అడవి చూడటానికి, అమ్మ బిందెతో నీళ్ళకు వెళ్ళారు.

కాసేపటికి అంతా తెల్లగా కమ్ముకొచ్చింది. పక్క గుడారం కూడా కనబడలేదు. మా బస్తీలో అలా కమ్మేది పొగబండి ఒక్కటే. ఆ పొగ పీలిస్తే చచ్చిపోతారని అమ్మే చెప్పింది. అన్నం గిన్నె మీద మూత పెట్టి, గౌను ముక్కుకు అడ్డం పెట్టుకుని అరిచాను.

"ఓ భాయ్, బండి ఆపు! మా అమ్మ బయటున్నది! జర ఆపు భాయ్!"

ఎంత ఏడ్చినా పొగ ఆగలేదు. చివరికి అమ్మే ఖాళీ బిందెతో వచ్చింది.

"ఎవర్ని ఆపమంటున్నవే? గిది మంచు బిడ్డా. గీడికి బండెట్ల వస్తది?"

నవ్వింది కానీ ఆమె చీర మోకాళ్ళ దాకా బురదగా ఉంది. దారి తప్పి ఉప్పుటేటిలో దిగిందట. నా గొంతు వినబడ్డ వైపే నడిచి బయటపడిందట.

మరునాడు పొద్దున మళ్ళీ మంచు పట్టింది. అమ్మ బిందె ఎత్తుకుంది. బండి లేదని నాకు తెలుసు. అయినా ఆమె తిరిగొచ్చేదాకా గుడారం ముందు నిలబడి భాయ్‌ని పిలుస్తూనే ఉన్నాను.