శారద గారి నల్ల సంచి

పన్నెండేళ్లుగా ఒక విషయం దాచాను. మొదటి పదేళ్లూ అది తప్పని కూడా అనిపించలేదు. బద్ధకం అనుకున్నాను, సరిపెట్టుకున్నాను. ఈ రెండేళ్లుగా మాత్రం మనసు మీద రాయిలా కూర్చుంది. బరువు అని రాయడానికీ సిగ్గుగానే ఉంది. నిజానికి దాన్ని మోసింది నేను కాదు.

ఆవిడను శారద గారు అనుకుందాం. అసలు పేరు వేరు. డాక్టరైన భర్తతో డెబ్బైల్లో అమెరికా వచ్చారు. కూతురు కాలేజీకి వెళ్లాక తాను బొమ్మలు వేయడం నేర్చుకుని, రెడ్‌మండ్‌లో ఒక చిన్న వీడియో గేమ్ కంపెనీలో చేరారు. 2001లో నేను అక్కడ ప్రోగ్రామర్‌గా చేరేసరికి ఆవిడకు యాభై ఆరేళ్లు. ఆఫీసు మొత్తంలో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే.

మేము చేసిన గేమ్ ఎప్పుడూ వానలో తడిసే ఒక రేవు పట్టణం కథ. తప్పిపోయిన అక్కను వెతుక్కుంటూ ఒక అమ్మాయి వీధివీధీ తిరుగుతుంది. ఆ వీధులన్నీ శారద గారు కాగితం మీద నీటిరంగులతో వేసినవే. అరవై రెండు బొమ్మలు. వాటిని స్కాన్ చేసి, డిస్క్‌లో పట్టేలా కుదించడం నా పని. రోడ్డు మీద నిలిచిన నీళ్లలో దీపం వెలుగు చూపించాలంటే ఆవిడ రంగు వేసేవారు కాదు. అక్కడ కాగితం తెలుపును అలాగే వదిలేసేవారు. నేను స్కాన్ చేసినప్పుడల్లా ఆ తెలుపు సరిగా వచ్చిందా అని నా భుజం మీదుగా వంగి చూసేవారు.

గేమ్ అమ్ముడుపోలేదు. 2003లో కంపెనీ మూతపడింది. అప్పుడు శారద గారు దూరాన అరోరాలో ఉండే కూతురి పురుడికి వెళ్లి ఉన్నారు. అక్కడి నుంచి ఫోన్ చేసి, తన బల్ల పక్కన ఉన్న పెద్ద నల్ల సంచి తీసుకెళ్లి వాళ్ల గరాజ్‌లో పెట్టమన్నారు. గరాజ్ తలుపు తెరిచే నంబరు కూడా చెప్పారు. బొమ్మలన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి. సరేనన్నాను. వాళ్లిల్లు మా అపార్ట్‌మెంట్‌కి పావుగంట దూరం.

వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదు? ఉద్యోగం పోయింది, వీసా ఏమవుతుందోనని భయం, రోజూ ఇంటర్వ్యూలు. ఇవన్నీ నిజమే. కానీ అదే నెలలో రెండుసార్లు సినిమాకి వెళ్లాను. సంచిని ఆఫీసు నుంచి మా అపార్ట్‌మెంట్‌కి తెచ్చి, వాటర్ హీటర్ ఉండే చిన్న గదిలో గోడకి ఆనించి పెట్టాను. ఒక శనివారం ఉదయం తలుపు తీస్తే హీటర్ కారి నేలంతా నీళ్లు. ఎన్నాళ్ల నుంచి కారుతోందో తెలియదు. కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. విడదీయబోతే చిరిగాయి. కొన్నింటికి పై సగం బాగానే ఉంది. ఆ సగాలను దాచి ఉండాల్సింది. దాస్తే మిగతా సగం ఏమైందో చెప్పాలి. అన్నీ కలిపి అపార్ట్‌మెంట్ చెత్త డబ్బాలో పడేశాను.

ఆవిడ తిరిగొచ్చాక సంచి గురించి అడగలేదు. అది గరాజ్‌లో భద్రంగా ఉందన్న నమ్మకం. ఆపైన భర్త జబ్బుపడ్డారు, కొన్నేళ్లకు పోయారు. ఆ రోజుల్లో బొమ్మల గురించి ఎవరు ఆలోచిస్తారు? నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. మర్చిపోయాను. మర్చిపోవడం నాకంత సులువైంది.

కానీ గేమ్‌ను జనం మర్చిపోలేదు. ఆడినవాళ్లు ఇంకొకరికి చెప్పి, మెల్లగా అది పేరు తెచ్చుకుంది. 2013లో దాని హక్కులు కొన్న కంపెనీ కొత్త టీవీలకు తగ్గట్టు రీమాస్టర్ చేసి మళ్లీ విడుదల చేస్తామంది. మా పాత స్కాన్‌లు కంప్యూటర్లతో పాటే పోయాయి. మిగిలింది డిస్క్‌లో ఉన్న కుదించిన బొమ్మలే. అసలు కాగితాలుంటే పంపమని శారద గారిని అడిగారు.

ఆవిడ నన్ను రమ్మన్నారు. నేను వెళ్లేసరికి గరాజ్‌లోని అట్టపెట్టెలన్నీ బయట వరసగా ఉన్నాయి. ఆవిడకు మోచేతుల దాకా దుమ్ము.

“ఆ నల్ల సంచి ఇక్కడే పెట్టావు కదూ?”

“పెట్టానండీ.”

“మరి ఎక్కడా కనపడదేం? నీకప్పుడు జాబ్ టెన్షన్ కదా, రావడం కుదరలేదేమో అనుకున్నాను. అదైతే చెప్పు, ఏమీ అనుకోను.”

ఆవిడే దారి చూపించారు. ఒక్క మాట అంటే అయిపోయేది. నేనన్నది ఇది:

“లేదండీ, పెట్టిన రోజే మీకు ఫోన్ చేసి చెప్పాను కదా. ఇండియా నుంచి తెచ్చిన పెట్టెల పక్కన పెట్టానన్నాను. మీరేమో వచ్చాక ఇంట్లోకి మార్చుకుంటానన్నారు.”

“అన్నానా?” ఆవిడ అక్కడే ఒక పెట్టె మీద కూర్చున్నారు. “అయ్యో. నాకసలు గుర్తే లేదమ్మాయ్.”

ఆ రెండో అబద్ధం ఎందుకు చెప్పాను? నన్ను కాపాడుకోవడానికి మొదటిది చాలదా? ఎన్నిసార్లు అడుక్కున్నా జవాబు దొరకలేదు. అడక్కుండానే నోటికి వచ్చింది, పెట్టెల సంగతితో సహా.

మూడు వారాలు ఇల్లంతా వెతికారు. కూతురు అరోరా నుంచి వచ్చి, మతిమరుపు జబ్బేమోనని డాక్టర్‌కి చూపించింది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఆవిడ నమ్మలేదు. కార్ తాళాలు తనే కూతురి చేతిలో పెట్టేశారు. సంచి సంగతి అంత శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయిందంటే రేపు సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు కూడా అలాగే పోతుంది, అన్నారట. అక్కడ కార్ లేకపోతే కూరగాయలకు కూడా ఇంకొకరిని అడగాలి. లైబ్రరీలో పిల్లలకు బొమ్మలు నేర్పించడం మానేశారు. షాపింగ్‌కి నేనే తీసుకెళ్లేదాన్ని. దిగేటప్పుడు ప్రతిసారీ థాంక్స్ చెప్పేవారు.

మరుసటి ఏడాది గేమ్ వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఇంట్లోనే ఇద్దరం ఆడాం. ఆట మాత్రం చెక్కుచెదరలేదు. సంగీతాన్ని అసలైన వాయిద్యాలతో మళ్లీ వాయించారు. అక్క రాసిన ఉత్తరం దొరికేచోట నాకు మళ్లీ కళ్లు చెమర్చాయి. ఒక బటన్ నొక్కితే పాత బొమ్మలు, మళ్లీ నొక్కితే కొత్తవి. పాతవి ఆ పెద్ద తెర మీద గళ్లుగళ్లుగా ఉన్నాయి. నాకు గుర్తున్నంత అందంగా ఏమీ లేవు. కొత్తవాటిలో గళ్లు లేవు, కానీ గోడలన్నీ ప్లాస్టిక్ పూసినట్టున్నాయి. నీళ్లలో ఆవిడ వదిలిన తెలుపును కంప్యూటర్ మచ్చలనుకుని పక్కనున్న బూడిదరంగుతో పూడ్చేసింది. రేవు మొత్తంలో ఒక్క దీపమూ నీళ్లలో కనిపించలేదు. కథ ఇప్పటికీ బాగుంది, బొమ్మలే పాతబడ్డాయి అని రివ్యూల్లో రాశారు. బొమ్మలు పాతబడలేదు. వాటిని నేను పారేశాను.

శారద గారు ఆ బటన్‌ను చాలాసేపు నొక్కుతూ కూర్చున్నారు. చివరికి, తాను జాగ్రత్తగా దాచి ఉంటే గేమ్ మళ్లీ చేసిన ఆ పిల్లలకు ఇన్ని తిప్పలు ఉండేవి కావన్నారు. నేను టీ పెట్టడానికి లేచాను.

ఈ ఏడాది మొదట్లో ఇల్లమ్మేసి అరోరాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఫోన్‌లో ఏం చెప్పాలన్నా ముందుగా, నీకిది ఇదివరకే చెప్పానేమో, అంటారు. ఒక్కసారి కూడా చెప్పిందే చెప్పలేదు. నేను గమనిస్తూనే ఉన్నాను.

చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ తీసి పెట్టేశానో. క్షమించరేమోనని భయం. వెంటనే క్షమించేస్తారేమోనని ఇంకో భయం. మీకు మాత్రం ఎందుకు చెబుతున్నాను? ఈ పత్రిక ఆవిడ ఇంటికి వస్తుంది. అట్ట నుంచి అట్ట దాకా చదువుతారు. నా పేరు పెట్టలేదు, ఆవిడకు అక్కర్లేదు. ఎదురుగా అనాల్సిన మాట అచ్చులో అంటున్నాను, ఇదీ పిరికితనమే. అయినా రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక నాకంటే ముందు ఆవిడకు దక్కాల్సింది.

శారద గారూ, నేను ఆ రోజు మీకు ఫోన్ చేయలేదు. మీరు ఏదీ మర్చిపోలేదు.