బత్తాయి ఏడవదు

మా వార్డులో ఎవరో రోగికి బత్తాయి ఒలుస్తున్నారు. ఆ వాసన తగిలితే చాలు, గ్రేస్ మేడమ్ గుర్తొస్తారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో చదివాను. తెల్ల యూనిఫాం ఉంది, గోడకు ల్యాబ్ అని బోర్డు ఉంది, రోగులే లేరు. ఆసుపత్రికి పంపకుండా బత్తాయిల ముందు కూర్చోబెట్టి సూదులు గుచ్చించేవాళ్లు. దీన్ని సహించలేకపోయింది మా ట్యూటర్ గ్రేస్ మేడమ్ ఒక్కరే. తిరుమలాయపాలెం మనిషి, సన్నగా, ఎప్పుడూ చిరాకుగా ఉండేవారు. ఒకరోజు నా చేతిలో బత్తాయి లాక్కుని, తన జాకెట్టు చెయ్యి పైకి జరిపి మోచెయ్యి ముందుకు చాపారు.

"నా నరం పట్టు."

"భయమైతుంది మేడమ్."

"కావాలె. బత్తాయి ఏడవదు, మనిషి ఏడుస్తడు. పట్టు."

రెండుసార్లు తప్పాను. మూడోసారి సిరంజిలోకి రక్తం వచ్చింది. ఆమె మోచేతి మడత నీలంగా కమిలింది.

ఆ వారమే మేడమ్ యాజమాన్యానికి ఉత్తరం రాశారు, పిల్లల్ని ఆసుపత్రికి పంపకపోతే పై అధికారులకు చెప్తానని. మర్నాడు యాజమాన్యం వాళ్లు మాకు తలా ఒక కాగితం ఇచ్చారు. 'మీ చదువుతో తృప్తిగా ఉన్నారా?' కింద సంతకం. మా పదో తరగతి సర్టిఫికెట్లు ప్రిన్సిపల్ బీరువాలో ఉన్నాయి. ఆ బీరువా పక్కనే బల్ల వేసి రాయించారు. నాకు నర్సు ఉద్యోగం కావాలి. 'పూర్తి తృప్తి' అని రాశాను. అందరం అదే రాశాం. ఆ కాగితాలే మేడమ్ ముందు పరిచి, "పిల్లలకు లేని బాధ నీకేంది?" అన్నాడట ప్రిన్సిపల్. సాయంత్రానికి ఆమె ఉద్యోగం పోయింది.

మేడమ్ ఊరికి వెళ్లిపోతున్నారని విని పరుగెత్తుకుంటూ బస్టాండుకు వెళ్లాను. "నేను గూడ గట్లనే రాసిన మేడమ్," అని ఏడ్చాను.

"అవ్, చూసిన. నీ రాత నాకు తెల్వదా?" అన్నారు. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధయింది. కమిలిన మోచెయ్యి చూపించారు. "ఇది వారంల మానుతది. నువ్వు రాసింది మాత్రం ఎవరి చేతి మీదనో తేలుతది బిడ్డా."

తేలింది. నా మొదటి ఉద్యోగం దుమ్ముగూడెం వైపు. జ్వరంతో వచ్చిన ఒక కోయ అవ్వకు సెలైన్ పెట్టబోయి నాలుగు చోట్ల గుచ్చాను, నరం దొరకలేదు. ఆమెకు తెలుగు రాదు. ఏడవలేదు కూడా. నా మొహం చూసి రెండో చెయ్యి తనే చాపింది.

ఇప్పుడు మా వార్డుకు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు ముందు నా చెయ్యే ఇస్తాను. మేడమ్‌కు క్షమాపణ ఇలా చెప్పుకుంటున్నానని అనుకుంటాను. కానీ ఆ కాగితం ఇంకా ఏదో బీరువాలో ఉండే ఉంటుంది. పూర్తి తృప్తి అని, కింద నా సంతకంతో.