తల తోడుకునేదాకా

ఆ రోజుల్లో మా బందరులో వాలీబాల్ ఆడే కుర్రవాళ్లందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది. దెబ్బ అనేది మోకాలికో మోచేతికో తగలవలసినదనీ, దానికి పసుపు అద్దుకుని మర్నాడు మళ్లీ కోర్టులో దిగవచ్చుననీ అనుకునేవాళ్లం. తల మా దృష్టిలో శరీరానికి పైన బిగించిన మూత మాత్రమే. దానికి విడిగా మరమ్మతు ఉంటుందన్న ఆలోచన మాకు లేదు. యంత్రాల మధ్య పనిచేస్తూ కూడా నేను అలాగే అనుకున్నానంటే, నా చదువు ఎంతవరకు వంటబట్టిందో పాఠకులే గ్రహించవచ్చు.

అప్పటికి నేను మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి గిలకలదిండిలో ఒక ఐసు ఫ్యాక్టరీలో చేరాను. సాయంత్రాలు చిలకలపూడిలో మా చర్చి ఆవరణలో ఆట. బంతిని ఎత్తి అందించేవాణ్ని నేను. దాన్ని కొట్టేవాడు మా కెప్టెన్ బావ (ఆయన మాలో ఎవరికీ చుట్టం కాడు, అయినా అందరికీ బావే). నాకు దెబ్బ ఆటలో తగిలిందని చెప్పుకోవాలని ఇప్పటికీ ఆశగా ఉంటుంది గాని, నిజానికి అది ఆట గెలిచాక తగిలింది. బావ కొట్టిన చివరి బంతి అవతల నేలను తాకగానే నేను రెండు చేతులూ పైకెత్తి, కళ్లు మూసుకుని, ఆనందంతో వెనక్కి గెంతాను. వెనక వల కట్టిన ఇనుప స్తంభం ఉంది. అది అంతకుముందు కూడా అక్కడే ఉండేది.

స్పృహ తప్పలేదట గాని, ఎవరు గెలిచారని పదే పదే అడిగానట. ఆసుపత్రిలో తలకు ఫొటోలు తీసి, ఎముకకు ఏమీ కాలేదన్నారు. "మరి ఈ వాంతులేంటండీ, ఈ కళ్లు తిరగడమేంటండీ?" అని అమ్మ డాక్టరుగారిని నిలదీసింది. ఆయన కంకషన్ అనే మాట ఒకసారి వాడి, అమ్మ ముఖం చూసి వెంటనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. "మీరు రాత్రి పాలు తోడేస్తారు కదమ్మా. తోడుకుంటున్న గిన్నెని ఎవరో కుదిపారనుకోండి. గిన్నె పగల్లేదు. లోపల పెరుగు చెదిరింది. కదపకుండా ఉంచితే మళ్లీ తోడుకుంటుంది."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"చలికాలం కదమ్మా, కొంచెం ఆలస్యమవుతుంది" అని ఆయన నవ్వారు.

అమ్మ నవ్వలేదు. ఇంటికి రాగానే పెట్టెలోంచి ఉన్ని మంకీ క్యాపు తీసి నా తలకు తొడిగింది. చలికి పెరుగు తోడుకోదన్నది ఆవిడ అనుభవం. డాక్టరుగారి ఉపమానాన్ని ఎవరూ అంత శ్రద్ధగా పాటించి ఉండరు.

వాంతులు తగ్గి, తలనొప్పి సన్నగిల్లాక వ్యాయామం సంగతి అడిగాను. ముందు నడక, ఆ తర్వాత చురుకైన నడక, ఆ తర్వాత రద్దీ లేనిచోట నెమ్మదిగా సైకిలు, ఆ పైన పరుగు, చిట్టచివర ఆట అని డాక్టరుగారు మెట్లు చెప్పారు. ఏ మెట్టు మీద కళ్లు తిరిగినా కిందకి దిగాలి. "అంటే ఓవర్‌హాల్ చేసిన కంప్రెసర్‌ని ముందు లోడు లేకుండా తిప్పి, తర్వాత కొంచెం కొంచెం లోడు ఎక్కించినట్టు" అన్నాను. "మీకే తెలిసినప్పుడు నేనెందుకండీ చెప్పడం!" అన్నారాయన. ఆ ప్రశంసతో నాకు మెట్లన్నీ అప్పుడే ఎక్కేసినట్టు అనిపించింది. దానికి కారణం కూడా ఉంది. క్రిస్మస్ తర్వాత దివిసీమలో, అవనిగడ్డ దగ్గర, చర్చి సంఘాల యువకుల వాలీబాల్ పోటీ జరుగుతుంది. అంతకుముందు ఏడాది అక్కడ ఓడిపోయి, తిరుగు బస్సులో ఎవరమూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఈసారి నేను లేకుండా జట్టు వెళ్లడమనే ఊహే భరించలేకపోయాను. అమ్మ మాత్రం నా సైకిలుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

నడకకు మా మేనత్త కాపలా. ఆవిడ అప్పుడే టీచరుగా రిటైరై, క్రమశిక్షణలో పెట్టడానికి మనుషుల కోసం వెతుకుతోంది. మా వీధిలో సగం ఇళ్ల అరుగుల మీద రోల్డ్ గోల్డ్ నగల పని జరుగుతూ ఉంటుంది. అత్త ప్రతి అరుగు ముందూ ఆగి, పెరుగు కథ మొదటినుంచి చెప్పేది. దాంతో మంకీ క్యాపు కనబడగానే, గాజులకు రాళ్లు అతికిస్తున్నవాళ్లు తలెత్తి "ఏం బాబూ, తోడుకుందా?" అని పలకరించేవారు. "ఇంకా పలచగానే ఉందండీ" అని నా తరఫున అత్తే జవాబిచ్చేది. ఆదివారం చర్చిలో పెద్దాయన ఒకరు నా తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. ఎంతో ఆప్యాయంగా, సరిగ్గా బొప్పి మీదే ఉంచారు. నా కళ్లలో నీళ్లు చూసి సంఘమంతా కదిలిపోయింది.

పోటీ దగ్గరపడింది. బావ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "ఏంటి బావా, వస్తన్నావా లేదా? నీ ప్లేసులో మా తమ్ముణ్ని పెడితే వాడు బంతి నాకు కాదు, చర్చి కప్పుకి లేపుతున్నాడు."

"సైకిలు మెట్టు దాటితేగాని పరుగు లేదు బావా. తాళం అమ్మ దగ్గరుంది."

బావ ఆలోచించాడు. (ఆయన ఆలోచించిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి నష్టం జరిగేది.) "వచ్చే శనివారం మన చర్చి ఆటలపోటీల్లో స్లో సైకిల్ రేసుంది కదా! డాక్టరుగారేమన్నారు? రద్దీ లేనిచోట, నెమ్మదిగా. అంతకంటే నెమ్మదైన సైకిలు బందరులో ఎక్కడుంది?"

ఆ తర్కం నాకు నిర్దుష్టంగా తోచింది. రెండు చక్రాల వాహనం వేగంలోనే నిలకడగా ఉంటుందనీ, ఎంత నెమ్మదైతే తొక్కేవాడి తలకు అంత పని పెడుతుందనీ డిప్లొమా చేతిలో ఉన్న నాకు తట్టలేదు. నా పెరుగు ఇంకా తోడుకోలేదనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

"ఆఖర్న వచ్చినోడికి ఫస్టు ప్రైజా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. అవునని ఇద్దరం ప్రమాణం చేశాం. "అయితే తొక్కు. కళ్లు తిరక్కుండా అవతలి గీత దాకా వెళ్తే, పోటీ సంగతి డాక్టరుగారితో నేనే మాట్లాడతా" అంది. శనివారం తాళం తీసి, తాళంచెవి మళ్లీ బొడ్లోనే దోపుకుంది.

సున్నంతో గీసిన దారుల్లో సైకిళ్లు కదిలాయి. పాదం నేలకు తగిలినా, చక్రం గీత దాటినా పోటీలోంచి తప్పుకోవాలి. ఒక్కొక్కరే తప్పుకుని, చివరికి నేనూ బావా మిగిలాం. బావ నాకంటే మూరెడు ముందున్నాడు. అంటే నేనే గెలుస్తున్నాను. "ఒరేయ్, కదలకురా! తొణుకుద్ది!" అని అత్త అరిచింది. ఆవరణంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చి ఆమె వైపు తల తిప్పాను. తల తిరిగి ముందుకొచ్చింది గాని, సున్నం గీతలు దానితోపాటు రాలేదు. రెండు గీతలూ నాలుగై, మెల్లగా ఎడమకు జారసాగాయి.

ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మొహం మీద నవ్వు అలాగే ఉంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ఇంకాస్త ఓర్చుకుంటే అవతలి గీత, దాని వెనక అవనిగడ్డ. నేను కాలు దించాను.

బావ "గెలిచా!" అని రెండు చేతులూ పైకెత్తాడు. హ్యాండిల్ వదిలిన సైకిలు ఏం చెయ్యాలో అదే చేసింది. అదృష్టవశాత్తూ దెబ్బ మోకాలికే తగిలింది, పసుపు అద్దారు.

అమ్మ నా దగ్గరకొచ్చింది. "తిరిగినయ్యా?"

"కొంచెం."

"నాకేం కనపళ్లేదే. నవ్వుతానే ఉన్నావుగా. మరెందుకు దించావ్?"

"తిరుగుతున్నాయి కదమ్మా" అన్నాను, అంతకంటే శాస్త్రీయమైన సమాధానం దొరక్క.

ఆవిడ బొడ్లోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, "రేపట్నించి మళ్లీ అత్తతో నడకే. ఇది మాత్రం ఇక నీ దగ్గరే ఉంచుకో. తోడుకుంది" అంది.

అవనిగడ్డకు మంకీ క్యాపుతో వెళ్లి, బయట కూర్చున్నాను. మావాళ్లు గెలిచారు (బావ తమ్ముడు ఒక్క బంతి కూడా కప్పు మీదకి లేపలేదు; ఆ విషయంలో నాకు కొంచెం బాధ లేకపోలేదు). చప్పట్లు కొట్టే ముందు నా వెనక ఏముందో ఒకసారి చూసుకున్నాను. మామిడికాయలు వచ్చేవేళకు మెట్లన్నీ దాటి కోర్టులో దిగాను.

ఇప్పుడు వేరే డాక్టరు, వేరే కారణానికి, మళ్లీ మొదటి మెట్టు నడకే రాశారు. ఉదయం బీచి రోడ్డు మీద వెళ్తూ ఉంటాను. అత్త లేదు, అమ్మ లేదు, తోడుకుందా అని అడిగేవాళ్లూ లేరు. కుర్రవాళ్లు, వాళ్ల తల్లులు, ఆ తర్వాత వాళ్ల అమ్మమ్మలు కూడా నన్ను దాటుకుంటూ పోతుంటే, ఆనాటి పందెం ఇప్పుడు పెడితే మొదటి బహుమతి నాదేనని నాలో నేనే నవ్వుకుంటాను. దానికి సైకిలు కూడా అక్కర్లేదు.