చెవి మిషన్‌కి పాత పిన్ను

ఫోన్లన్నింటికీ ఇకమీదట ఒకే రకం చార్జింగ్ పోర్టు ఉండాలన్న నియమం గురించి పేపర్లో చదివి ఎంత సంబరపడ్డానో. మా ఇంట్లో ఫోన్లన్నీ అప్పటికే టైప్ సి అయిపోయాయి. సొరుగులో చిక్కులు పడివున్న పాత వైర్లన్నీ సంచిలో కుక్కి పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. నాన్న చెవి మిషన్‌ని చార్జి చేసే డబ్బాకి ఆ పాత పిన్నే కావాలన్నది నాకు తట్టనేలేదు.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఏళ్ళ తరబడి ఆ మోతలో పనిచేసి నాన్న వినికిడి పోగొట్టుకున్నాడు. రెండోనాటికి మిషన్ మూగబోయింది. నేను చేసిన పని చెబితే, నా పెదాలు చూసి అర్థం చేసుకుని, "పోనీలేయే, ఏటయిపోద్దీ" అన్నాడు.

నేను పాఠాలు చెప్పే స్కూలుకి సెలవు పెట్టి, ఆ వైరు కోసం మా ఊళ్ళోని ఖరిదా బజారంతా తిరిగాను. మలంచా పేటలో ఒక కొట్టతను డ్రాయరు కూడా తెరవకుండానే, "అబ్ సబ్ టైప్ సి హై, దీదీ" అనేశాడు, ఇప్పుడన్నీ టైప్ సీయేనని.

ఇంటికొచ్చేసరికి తలుపుకి బయట గొళ్ళెం పెట్టివుంది. నాన్న లేడు.

"ఇందాకలే రైలు గేటేపు ఎల్లినాడమ్మా," అంది పక్కింటి పిన్ని.

వెనక ఆటో హారన్ కొట్టినా ఆయనకు వినబడదు. రైలు కూతా అంతే. పరుగున వెళ్ళేసరికి గేటు వేసివుంది. గూడ్సు బండి ఎంతకీ తెమలదు. పెట్టెల కిందనుంచి అవతలి మనుషుల కాళ్ళే చూస్తూ నిలబడ్డాను. బండి వెళ్ళిపోయాక చూస్తే ఆ గుంపులో ఆయన లేడు.

గేటు దాటి ఝపటాపూర్ పేట దాకా కనిపించినవాళ్ళందరినీ అడుగుతూ వెళ్ళాను. అక్కడ రేడియోలు బాగుచేసే, అందరూ దాదా అని పిలిచే ముసలాయన దుకాణంలో, బల్లమీద కూర్చుని ఉన్నాడు నాన్న. ఇద్దరూ ఒక డాల్డా డబ్బా బోర్లించి వైర్లు ఏరుతున్నారు.

"ఏటే, అలగ ఆయాసపడతన్నావు?" అన్నాడు.

నడివీధిలో నిలబడి ఏడుస్తూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్క మాటా ఆయన చెవికి చేరలేదు. దాదా ఒక వైరు దులిపి, నాన్న తెచ్చిన మిషన్ డబ్బాకి గుచ్చాడు. దానిమీద చిన్న దీపం వెలిగింది.

గంటసేపు అక్కడే కూర్చున్నాం. మిషన్ పెట్టుకుని, అటూ ఇటూ తల తిప్పి చూసుకుని, "ఇప్పుడు సెప్పు. ఇందాకల ఏటో అన్నావు, ఇనపడనేదు," అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. దాటాక కూడా వదలాలనిపించలేదు.