కనకయ్య ఎదురు చాటింపు

"గీ నీళ్లే తాగితే నా బిడ్డ పండ్లు గార పడ్తయి. పెద్దగైనంక కాళ్లు వంగుతయి."

విజయ గోడతో చెబుతున్నట్టే అంది. చేతిలో జనగామలో చేయించిన నీటి పరీక్ష కాగితం ఉంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉండదగినదానికి రెండింతలు. కెమిస్ట్రీ చదివిన మనిషి. రెండేళ్ల ప్రియకు చిగుళ్ల కింద అసలు పళ్లు ఇప్పుడే తయారవుతుంటాయని ఆమెకు తెలుసు. వారం నుంచి ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచి, రోజూ తీసి చూసుకుంటోంది.

అంతలో డప్పు మోగింది. కొడకండ్ల పక్కనున్న ఆ ఊళ్లో నలభై ఏళ్లుగా చాటింపు కనకయ్యదే. ప్రత్యేక తెలంగాణ కోసం ఊరంతా జనగామ చౌరస్తాలో ధర్నాకు కూర్చున్న ప్రతిసారీ ఆ డప్పే ముందు నడిచింది. ఈ రోజు మాత్రం, శుద్ధి చేసిన నీళ్లకు కొత్త నల్లా పన్ను పడిందని, శనివారంలోపు కట్టనివాళ్ల నల్లా పీకేస్తారని చాటుతోంది.

విజయ ఒళ్లు మండిపోయింది. పంచాయతీ శుద్ధి యంత్రం ఏడాదిగా తాళంలో తుప్పు పడుతోంది, నల్లాల్లో వచ్చేది ఆ బోరు నీళ్లే. అడుగుదామంటే సర్పంచుల గడువు తీరి, ఎన్నికల ఊసే లేదు. సర్పంచు బదులు పెట్టిన స్పెషల్ ఆఫీసరు వారానికో పూట వచ్చి కూర్చుని పోతాడు. ఆ కోపమంతా వాకిట్లోకి వచ్చిన ముసలాయన మీద పడింది.

"జై తెలంగాణ అని కొట్టిన చేత్తోనే గీ అబద్ధం కొడుతున్నవా తాతా? సిగ్గనిపిస్తలేదా?"

కనకయ్య పుల్లలు ఆపాడు. చదువు రాని ఆయన, కాగితంలో ఏముందో రెండుసార్లు చెప్పించుకున్నాడు. అది ఎప్పుడొచ్చిందని అడిగాడు. వారమైందంది.

"వారం సంది దాసుకున్నదానివి, సిగ్గు నన్నడుగుతున్నవా?"

పెద్ద చదువరి బయల్దేరిందంటారని విజయ పక్కింట్లో కూడా చెప్పలేదు. ఆ ఇంట్లోనూ ఇద్దరు పిల్లలున్నారు.

చాటింపుకు ఎవరైనా ఎదురు చెబితే, ఆ మాటనూ మనిషి పేరుతో సహా చాటింపు పంపిన వాకిటికి మోసుకెళ్లాలి. అది కనకయ్య తాతలనాటి కట్టుబాటు. గుప్పెడు గడ్డి అంటించి, తోలు బిగిసేలా డప్పు కాచాడు. పేరు చెబుతానని, వెంట నడవమని అన్నాడు. ప్రియను చంకనేసుకుని నడిచింది విజయ. దారి పొడవునా ఆడవాళ్లు బిందెలు దించి, యంత్రం నడిచాకే పన్ను అడగమంటూ వెంట వచ్చారు.

పంచాయతీ మెట్ల ముందు డప్పు అదిరింది. "నీళ్లు పిల్లలకు పనికిరావని విజయమ్మ కాయితం చెప్తున్నదహో! మిషిను నడిచినంకనే పన్ను అడుగుమంటున్నరహో!"

ఆ పూట వచ్చి ఉన్న ఆఫీసరు బయటికొచ్చి పోలీసుల్ని పిలుస్తానన్నాడు. శనివారం ఒక్కరూ కట్టలేదు. సోమవారం మొదట విజయ నల్లానే పీకారు. యంత్రం తాళం తీయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. కనకయ్యను మళ్లీ చాటింపుకు పిలవలేదు. మైకు కట్టిన ఆటో పెట్టారు, నీళ్లకు లేని పైసలు దానికెక్కడివో.

తనవల్లే ఆయన పని పోయిందని విజయ ఏడవబోతే కసిరాడు.

"ఏడ్సుడెందుకు? ఇంకోపాలి కాయితమొస్తే నీ ఇంట్లకు తేకు బిడ్డా. ముందుగాల పక్కింట్ల చెప్పు."

ఇప్పుడు పరీక్ష కాగితం వచ్చిన రోజు విజయ తన గడప తొక్కదు. ముందు పక్కింటి తలుపు కొడుతుంది.