అర్థం కాలేదని చెప్పడానికి పోయిన సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో సంచీ సర్దుకుని చదువుకోవడానికి పోయేవాళ్లం ఇద్దరమే. ఒకరు నేను, నాలుగో తరగతి. రెండో మనిషి మా మేనత్త, ఎమ్మే మొదటి సంవత్సరం. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఏడ్చుకుంటూ పోయేవారో చెప్పడం కష్టం. నేనైతే బయటికి ఏడ్చేదాన్ని.

మా ఇల్లు యాకుత్‌పురా స్టేషనుకు దగ్గర. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే పొద్దున్నలు, మధ్యాహ్నాలు ఏమీ గుర్తుకు రావు, అన్నీ సాయంత్రాలే. పక్క మిద్దె మీది పావురాలు ఒక్క దుప్పటి దులిపినట్టు లేచి, స్టేషను మీదుగా తిరిగి, మళ్లీ వచ్చి వాలేవి. మసీదు నుంచి నమాజు పిలుపు, దాని వెనకే బండి కూత. ఆ కూత వినబడ్డదంటే మా మేనత్త చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టేది. ఆమె ఆ బండికే కాలేజీకి పోవాలి. బండి ఆలస్యంగా వస్తే బాగుండునని ఆమె మొహంలో కనిపించేది. ఆ లైన్లో బండ్లు మామూలుగా ఆలస్యంగానే వచ్చేవి గానీ, ఎందుకో ఆ కొన్ని వారాలు టైముకు వచ్చాయి.

మా మేనత్త మా బడిలోనే టీచరు. బడిలో ఆమెను టీచర్ అనాలి, ఇంట్లో అత్తమ్మా అనాలి. తారుమారైతే రెండు చోట్లా చీవాట్లే. మామయ్య రైల్వేలో గార్డు. ఇంట్లో కన్నా బండిలోనే ఎక్కువ కాపురం ఉండేవాడు కాబట్టి ఆమె మాతోనే ఉండేది. ఆమె మెట్రిక్ దాకా చదివింది ఉర్దూలో. ఎక్కాలు ఉర్దూలో, దేవుడికి మొక్కడం తెలుగులో, సెలవు చీటీ ఇంగ్లీషులో. పెళ్లయ్యాక ఇంట్లోనే కూర్చుని చదివి బీఏ పరీక్ష రాసింది. తలలో తెల్ల వెంట్రుకలు కనబడుతున్న వయసులో సాయంత్రం కాలేజీలో ఎమ్మేకు చేరింది. ఎందుకని అడిగినవాళ్లకు ప్రమోషన్ కోసమని చెప్పేది. నాకు మాత్రం ఒకసారి జడ వేస్తూ చెప్పింది, మెట్రిక్ తర్వాత మళ్లీ బెంచీ మీద కూర్చున్నదే లేదని, ఒక్కసారైనా కాలేజీ క్లాసులో కూర్చుని నిమ్మళంగా చదువుకోవాలని ఉందని. ఆ మాట చెప్తున్నప్పుడు జడ మరీ బిగుతుగా పడింది.

మొదటి రోజు ఆమె ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు కట్టే చీర కట్టుకుని పోయింది. గదిలోకి అడుగుపెట్టగానే పిల్లలందరూ, అంటే మీసాలున్న పిల్లలు, లేచి నిలబడ్డారట. ఈమె అలవాటు కొద్దీ కూర్చోండి అంది. వాళ్లు కూర్చున్నారు. తీరా ఈమె పోయి వాళ్ల పక్కన బెంచీ మీద కూర్చునేసరికి అందరూ మొహాలు చూసుకున్నారు. తర్వాత అసలు లెక్చరర్ వచ్చాడు. సన్నగా, ఈమెకన్నా బాగా చిన్నవాడు. ఒకసారి లేచి మోసపోయినవాళ్లు ఆయనకు మళ్లీ లేవలేదు. ఆయన అది మనసులో పెట్టుకున్నాడని అత్తమ్మ అనుమానం.

పాఠం అర్థశాస్త్రం, అదీ ఇంగ్లీషులో, బండి స్టేషనులో ఆగకుండా పోయినట్టు. ఒక మనిషికి రెండు వస్తువుల్లో ఏది దొరికినా ఒకటే అన్న సంగతిని బోర్డు మీద వంకర గీతగా గీసేవాడట ఆ లెక్చరర్. ఇంటికొచ్చి అత్తమ్మ చెప్తే మా నాయినమ్మ ఒప్పుకోలేదు. ఆమెకు ఏది దొరికినా రెండోదే కావాల్సి వచ్చేది. ఆ సిద్ధాంతం మా గడప దాటి లోపలికి రాలేదు.

ఇక్కడ మా బడి సంగతి ఒకటి చెప్పాలి. పాఠం అయిపోగానే టీచరు అర్థమైందా అని అడుగుతుంది. గోనెపట్టాల మీద కూర్చున్న మేమంతా ఒక్క గొంతుతో, చివర సాగదీసి, "అయ్యిందీ టీచర్" అని పాడతాం. అది జవాబు కాదు, గంట లాంటిది. అది మోగితే పాఠం అయిపోయినట్టు. ఆ పాటను అత్తమ్మ ఏళ్లకేళ్లుగా రోజూ వింటూ వచ్చింది. ఒక శనివారం సాయంత్రం ఆ లెక్చరర్ బోర్డు నిండా గీతలు గీసి, వెనక్కి తిరిగి, "క్లియర్?" అన్నాడు. ఎమ్మేలో ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పరట. బెంచీ మీద కూర్చుని ఉన్నందుకో ఏమో, మా అత్తమ్మ నోట్లోంచి మా పాటే వచ్చింది. అదే సాగదీతతో, ఒక్కతే, "అయ్యిందీ సార్" అని.

గదంతా నవ్వింది. లెక్చరర్ కూడా నవ్వి, చాక్‌పీసు చేతికిచ్చి, అయితే మీరు వచ్చి చెప్పండి మేడమ్ అన్నాడు. అత్తమ్మ లేచి పోయింది. బోర్డు పైమూల తేదీ వేసింది. అలవాటు. ఆ తర్వాత వేయడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు ఆమె చదువు బంద్ చేస్తున్నానని చెప్పింది. గొంతులో ఏమీ లేదు, ఉప్పు అందుకొమ్మన్నట్టే చెప్పింది.

నాయినమ్మ ముద్ద మింగి, "బంద్ జేస్తె జెయ్యి," అంది. "నౌకరి ఉన్నది, ఇల్లున్నది, నీకేం ఫికర్?" ఇంకో ముద్ద కలుపుతూ మళ్లీ అంది. "గని నవ్విండ్రని బంద్ జేస్తున్నవా ఏంది? నీ పెండ్లిల గూడ మస్తు నవ్విండ్రు. పెండ్లి బంద్ జేసినమా?"

అత్తమ్మ నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం చూసి నాకు భయమేసింది. సోమవారం బండికి ఆమె పోకపోతే ఇంక ఎప్పటికీ పోదని, నాలుగో తరగతి బుద్ధికి కూడా తెలిసిపోయింది.

మర్నాడు ఆదివారం. ఎండ చల్లబడ్డాక మిద్దె మీద చాప వేసుకుని ఆమె పడుకుంది, పక్కన నేను. పావురాలు పైన తిరుగుతున్నాయి. వాటిని పిలిచే పక్కింటాయన ఆ, ఆ, అని అంటున్నాడు. అవి వినిపించుకోవడం లేదు. చాలాసేపటికి అత్తమ్మ ఆకాశం వైపే చూస్తూ అడిగింది.

"మొన్న భిన్నాలు చెప్పిన గదనే. అర్థమైనయా నీకు?"

"కాలే."

"మరి అయ్యిందన్నవ్?"

"అందరన్నరు."

"అందరికైనయా?"

నేను ఆలోచించాను. మా తరగతిలో భిన్నాలు అర్థమయ్యే పిల్ల ఒకతె ఉంది గానీ, ఆ రోజు బడికి రాలేదు. "ఎవ్వరికి కాలేదత్తమ్మా," అన్నాను.

"మరెందుకన్నరే గట్ల?"

"నువ్వడిగినవ్ గద. అయ్యిందంటె సంచి సర్దుకోవచ్చు."

అత్తమ్మ లేచి కూర్చుంది. కోపమొచ్చిందనుకుని నేను చాప అంచుకు జరిగాను. ఆమె నన్ను కాదు, పావురాలను కాదు, దూరంగా ఏదో చూస్తూ, "నేను గూడ గదే చేసిన," అంది.

సోమవారం బడిలో భిన్నాలే మళ్లీ చెప్పింది. చివర అర్థమైందా అంది. మేము పాడాము. ఆమె చాక్‌పీసు కింద పెట్టి, చీర కుచ్చెళ్లు సర్దుకుని వచ్చి, మా మధ్యన గోనెపట్టా మీద కూర్చుంది. టీచరు కింద కూర్చుంటే అంత పెద్దగా ఉంటుందని అప్పటిదాకా మాకు తెలియదు.

"ఇయ్యాల మీరు నాకొక సాయం చెయ్యాలె," అంది. "నేను గూడ ఒక బడికి పోతున్న. ఆడ నాకేం సమజైతలేదు. సమజైతలేదని చెప్పనీకి నోరొస్తలేదు. గా మాట ఎట్ల చెప్పాల్నో అందరం కలిసి నేర్చుకుందాం."

ఒక్కొక్కరు లేవాలి. చెయ్యి చెవికి తగిలేట్టు పైకెత్తాలి. నాకు అర్థం కాలేదు టీచర్, మళ్లీ చెప్పండి అనాలి. మొదటి పిల్ల గొంతు పక్కపిల్లకే వినబడలేదు. రెండో వాడు నవ్వాపుకోలేక కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. చెప్పేది నిజమే అయినా అబద్ధం చెప్తున్నంత భయమేసింది. తరగతి సగమయ్యేసరికి మాత్రం భయం పోయి ఉత్సాహం వచ్చింది. ఆఖరికి ఎక్కాల బాణీలో అందరం కలిసి పాడుతున్నాం. హెడ్మాస్టరు గారు తన గదిలోంచి గబగబా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తరగతి తరగతంతా తమకేమీ అర్థం కాలేదని సంబరంగా అరుస్తుంటే ఆయన మొహం చూడాలి.

"ఏందమ్మా, ఏమైంది?" అన్నారు.

"ఏం లేదు సార్. పాఠం చెప్తున్న," అంది అత్తమ్మ, కింద నుంచే.

అందరికన్నా చివర ఆమే లేచింది. చెయ్యెత్తింది. మాకు నేర్పిన మాటనే చెప్పింది. మా అందరిలో ఆమె గొంతే చిన్నగా ఉంది.

ఆ సాయంత్రం బండి కూత వినబడగానే నన్ను కూడా చెప్పులు వేసుకొమ్మంది. "నువ్వుంటె నాకు తప్పించుకోనీకి రాదు," అంది. నాయినమ్మ ఏదో అనబోయి, కొంగుతో నా మొహం తుడిచి పంపింది. బండిలో కిటికీ పక్కన కూర్చున్నాను. మూసీ మీద బండి నెమ్మదించినప్పుడు నీళ్లలో వెలుతురు కొంచెం కొంచెంగా ఆరిపోతూ కనిపించింది. అత్తమ్మ పెదాలు కదులుతున్నాయి. ఇంగ్లీషులో ఒక వాక్యం కూడబలుక్కుంటోంది. దేవుణ్ని తలుచుకుంటోందనుకుని ఎదుటి సీటామె కూడా చేతులు జోడించింది.

కాలేజీ మెట్లు నా మోకాళ్లకన్నా ఎత్తు. గదిలో గుడ్డి వెలుతురు, పైన కిర్రుమనే పంకా. నన్ను ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి తను ముందుకు పోయింది. నా పక్కన ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన ఒకాయన, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, కళ్లు తెరిచే నిద్రపోతున్నాడు. ఆ విద్య నాకు తెలిసిందే కాబట్టి ఆయన మీద గౌరవం కలిగింది. లెక్చరర్ నన్ను చూసి, "ఈమెది కూడా కొత్త అడ్మిషనా?" అన్నాడు. కొందరు నవ్వారు. అత్తమ్మ వెనక్కి తిరగలేదు.

పాఠం సాగింది. ఆ మాటలు నాకు మాటలుగా వినబడలేదు. పంకా చప్పుడు, చాక్‌పీసు చప్పుడు, బోర్డు మీద ఒకదాని వెంట ఒకటి పుడుతున్న తెల్ల గీతలు, అన్నీ కలిసి ఒక జోలపాటలాగ. నేను దాదాపు నిద్రలోకి జారిపోతుండగా ఆ మాట వినిపించింది. క్లియర్?

కొన్ని తలలు అత్తమ్మ వైపు తిరిగాయి, మొన్నటి వినోదం మళ్లీ దొరుకుతుందేమోనని. ఆమె లేచింది. వెనక నుంచి నాకు ఆమె జడముడి, వీపు, బెంచీని పట్టుకున్న ఎడమ చెయ్యి కనిపించాయి. కుడి చెయ్యి మేము ఎత్తినట్టే, చెవికి తగిలేట్టు, నిటారుగా ఎత్తింది. జాకెట్టు చంకలో చెమట. బండిలో కూడబలుక్కున్న ఇంగ్లీషు మూసీలోనే పడిపోయినట్టుంది.

"సార్, నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

ఎవరూ నవ్వలేదు. పంకా ఒక్కటే తిరుగుతోంది.

లెక్చరర్ చాక్‌పీసు వేళ్ల మధ్య తిప్పుతూ, "ఎక్కడి నుంచి?" అన్నాడు.

"మొదటి నుంచి, సార్."

అప్పుడు నా పక్కాయన ఒళ్లోని డబ్బా కదిలింది. ఎప్పుడు మేలుకున్నాడో తెలియదు. చెయ్యెత్తి, "సార్, నాగ్గూడ," అన్నాడు. ఆ తర్వాత కిటికీ దగ్గర ఒక చెయ్యి లేచింది. దాని ముందు బెంచీలో ఇంకొకటి. లెక్చరర్ ఆ చేతుల వంక కాసేపు చూశాడు. కోపం వచ్చిందో, సిగ్గేసిందో, ఆ వయసులో నేను పోల్చుకోలేకపోయాను. బోర్డంతా తుడిచాడు. చేతులు దులుపుకుని, బల్ల అంచుకు ఆనుకుని, ఈసారి నెమ్మదిగా, తెలుగులో, మధ్యమధ్య ఉర్దూ కలిపి మొదలుపెట్టాడు. అత్తమ్మ కూర్చుంది. కూర్చున్నాక ఆమె భుజాలు కిందికి దిగడం నేను చూశాను. ఆ గీతలు నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆమె ఎమ్మే పూర్తి చేసింది, సెకండ్ క్లాసులో. నాయినమ్మ చదవడానికి ఇంకేమన్నా మిగిలిందా అని అడిగింది, మా ఇంట్లో అది పెద్ద మెప్పు. బడిలో మాత్రం ఆ సోమవారం తర్వాత అత్తమ్మ మమ్మల్ని అర్థమైందా అని అడగలేదు. పాఠం చివర మా మధ్యకు వచ్చి, "యాడ ఆగినవ్?" అని అడిగేది. ప్రతివాళ్లూ ఎక్కడో ఒకచోట ఆగే ఉంటారని ఆమెకు నమ్మకం. నేను భిన్నాల్లో చాలా మొదట్లోనే ఆగానని తేలింది.

తర్వాత నేనూ పెద్ద క్లాసుల్లో కూర్చున్నాను, పెద్ద ఆఫీసుల్లో, పెద్ద డాక్టర్ల ముందు కూర్చున్నాను. అత్తమ్మ దగ్గర ధైర్యం నేర్చుకున్నానని చెప్పుకోలేను. అర్థం కాలేదని చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ భయమేస్తుంది, వయసు వచ్చినకొద్దీ ఇంకొంచెం ఎక్కువగా. అయినా చెయ్యెత్తుతాను. ఎత్తి, వెంటనే దించకుండా కాసేపు అలాగే ఉంచుతాను, పక్క బెంచీ మనిషి మేలుకునేంతసేపు.